క్రేనువాడు కొన్న లిఫ్టు

నాకు తెలియని విషయాలు చాలా ఉన్నాయని మా ఆవిడ అప్పుడప్పుడు గుర్తుచేస్తూ ఉంటుంది. కాదనను. కూరగాయలు బేరమాడటం తెలియదు. పెళ్ళిళ్ళలో ఎవర్ని ముందు పలకరించాలో తెలియదు. బరువులెత్తే విషయంలో మాత్రం నాకెవరూ చెప్పక్కర్లేదని మొన్నమొన్నటిదాకా గట్టిగా నమ్మాను. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ కంపెనీలో క్రేన్ల మరమ్మతు చూశాను. జంషెడ్‌పూర్‌లో కంపెనీ అంటే ఏ కంపెనీ అని ఎవరూ అడగరు. షెడ్డు కప్పు కింద, పట్టాల మీద అటూ ఇటూ నడిచే క్రేన్లవి. వాటి తాళ్ళకీ, బ్రేకులకీ, కొక్కేలకీ నేను జవాబుదారీ. కరిగిన ఉక్కు నిండిన బకెట్లు నా పూచీ మీద గాల్లో తిరిగేవి. అలాంటివాడు ఇంట్లో ఒక చిన్న కారు ఎత్తే లిఫ్టు ఎంచుకోలేడా అని ఎవరైనా అంటారు. నేనూ అదే అన్నాను.

లిఫ్టు అవసరం మా అమ్మాయి కారు కొనడంతో వచ్చింది. అమ్మాయి కంపెనీ ఆఫీసులోనే పనిచేస్తుంది, మాతోనే ఉంటుంది. షిఫ్టు మారే వేళ గేటు దగ్గర కారు పెట్టడానికి చోటుండదని రోజూ స్కూటీ మీదే వెళ్తుంది. మరి కారు ఎందుకంటే, అమ్మానాన్నల్ని తిప్పడానికట. ఆ మాట విని నేను సంతోషించాలి. సంతోషించలేదు. మమ్మల్ని తిప్పడానికి నాకు ఒక కారుంది, నాకు రెండు చేతులూ ఉన్నాయి. నాది తెల్ల రంగు చిన్న కారు. ముసలిదే గానీ ఒక్క చప్పుడు చెయ్యదు, ఎందుకంటే చప్పుడు చేసిన ప్రతి ఆదివారమూ నేను దాని కిందే పడుకున్నాను.

చేతులతో ఇబ్బంది లేదు, ఇబ్బందంతా కళ్ళతో. నీటికాసులు అని డాక్టరు తేల్చాడు. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది. పక్కలు, ముఖ్యంగా ఎడమ పక్క, కొద్దికొద్దిగా పోతున్నాయి. పోతున్నట్టు మనకి తెలియదు, ఈ జబ్బు గొప్పతనమే అది. మా ఇంటి గేటు స్తంభాన్ని కారు రెండోసారి గీసినప్పుడు కూడా స్తంభమే కొంచెం ముందుకి జరిగిందేమో కొలిచి చూద్దామన్నాను. కొలిచాను కూడా. జరగలేదు. డాక్టరు ఇంక బండి నడపొద్దన్నాడు. దాన్ని నేను సలహా కింద జమకట్టుకుని నడుపుతూనే ఉన్నాను. మా ఆవిడ మాత్రం నా పక్కన కూర్చోవడం మానేసి సాక్చీ బజారుకి ఆటోలో వెళ్ళడం మొదలుపెట్టింది. ఒకసారి నేను కార్లో, ఆవిడ ఆటోలో, ఒకే పనికి ఒకే దుకాణానికి వెళ్ళాం.

బాగ్‌బేరాలో మా వీధి సంగతి చెప్పాలి. నీళ్ళ ట్యాంకరు వస్తే మనుషులు గోడకి అతుక్కుని నిలబడే వీధి అది. బయట కారు పెట్టడం కుదరదు. వీధి చివర ఖాళీ స్థలం ఉంది గానీ రాత్రి అక్కడ వదిలేస్తే పొద్దుటికి అద్దాలు ఉండవు. గరాజులో పట్టేది ఒక్కటే. అమ్మాయి కారు ఇంటికొచ్చిన సాయంత్రం భోజనాల దగ్గర ఆ మాట వచ్చింది.

"పాపా, అబ్ ఆప్‌కీ గాడీ బేచ్ దేతే హై," అంది అమ్మాయి. నీ బండి అమ్మేద్దామని. నేను తెలుగులో మాట్లాడటం, అది హిందీలో జవాబివ్వడం మా ఇంట్లో ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి.

"ఎవులైనా కొంటారేటి దాన్ని? ముందు అది సూడండి," అంది మా ఆవిడ.

"అమ్మక్కర్లేదు. రెండూ ఉంటాయి. ఒకటి కింద, ఒకటి పైన," అన్నాను నేను.

"పైనంటే ఎక్కడండీ? డాబా మీదా?"

గరాజుకి పెట్టే లిఫ్టులు ఉంటాయనీ, పాత కారుని అది పైకెత్తి పట్టుకుంటుందనీ, కొత్తది దాని కింద నిలుస్తుందనీ చెప్పాను. మా ఆవిడ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి విన్నది. "కారుని నెత్తి మీద ఎట్టుకోడం దేనికండీ? అదేటి దేవుడా?" అంది.

అమ్మాయి నావైపు ఒకసారి, వాళ్ళమ్మ వైపు ఒకసారి చూసి, "ఠీక్ హై పాపా, లగవా లీజియే," అంది. సరే పెట్టించుకోమని. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందనుకోలేదు. క్రేన్ల మనిషినని నా మీద ఉన్న గౌరవం కాబోలు అనుకుని ఇంకో గరిటె పప్పు వేయించుకున్నాను.

ఇంట్లో ఎవరూ పైకి అనని మాట ఒకటుంది. ఆ కారు పోతే నేను బండి నడపడం అయిపోయినట్టే. ఇంక మిగిలిన రోజులన్నీ ఎవరో ఒకరి పక్క సీట్లో, సంచీ ఒళ్ళో పెట్టుకుని, సీటు బెల్టు పెట్టుకున్నావా అని అడిగించుకుంటూ కూర్చోవాలి. అది తలుచుకుంటే నాకు భయం వేసేది. భయం వేసినందుకు కోపం వచ్చేది. మా ఇంట్లో లిఫ్టు పుట్టింది ఆ రెండిటి వల్లే గానీ గరాజులో చోటు చాలక కాదు.

నాకు సలహాదారు మా బావ, అంటే మా అక్క భర్త. బర్మామైన్స్‌లో ఉంటాడు. ఆయన క్రేను నడిపినవాడు, నేను క్రేను బాగుచేసినవాణ్ణి. ఈ రెండు కులాలకీ కంపెనీలో ఎప్పుడూ పడదు. చెడగొట్టావని ఒకడు, సరిగ్గా చెయ్యలేదని ఇంకొకడు. రిటైరయ్యాక కూడా మేం ఆ వాదన ఇంటికి తెచ్చుకున్నాం. లిఫ్టు మాట వినగానే బావ ఆదివారం పొద్దున్నే ఆటో దిగాడు. పాత సేఫ్టీ బూట్లు వేసుకొచ్చాడు.

ముందు తాడా, నూనెనా అన్నది తేలాలి. కొన్ని లిఫ్టులు ఉక్కు తాళ్ళతో ఎత్తుతాయి, కొన్ని నూనె ఒత్తిడితో ఎత్తుతాయి. తాడంటే నాకు ప్రాణం. జీవితమంతా తాళ్ళకి గ్రీజు రాసి, తెగిన పోగులు లెక్కపెట్టి బతికాను.

"తాడు ఎప్పుడికైనా తెగుద్ది బామ్మర్దీ," అన్నాడు బావ. "నేను కేబిన్‌లో కూకుని సూసినోణ్ణి."

"నూనె గొట్టం పగలదేటి బావా?"

"పగిల్తే కారతాది. కారితే కనబడతాది. తాడు సెప్పి తెగుద్దేటి?"

ఈ వాదన చాలా ఆదివారాలు నడిచింది. మా ఆవిడ టీ ఇచ్చి వెళ్ళేటప్పుడు కప్పులు కొంచెం చప్పుడయ్యేలా పెట్టడం మొదలుపెట్టింది. చివరికి తేలిందేమిటంటే, నాలుగు స్తంభాల లిఫ్టులో నూనె సిలిండరూ ఉంటుంది, ఆ సిలిండరు లాగే ఉక్కు తాళ్ళూ ఉంటాయి. ఇద్దరమూ నెగ్గాం. ఇద్దరమూ నెగ్గినందుకు ఇద్దరికీ నచ్చలేదు.

రెండు స్తంభాల రకం కారుని చేతులతో పట్టుకుంటుంది, అది మరమ్మతుకే గానీ నిలపెట్టుకోవడానికి కాదని నేను కొట్టేశాను. కత్తెర రకం పైకి లేస్తే దాని కాళ్ళే కిందంతా ఆక్రమిస్తాయని బావ కొట్టేశాడు. మేం ఎంత లోతుగా ఆలోచిస్తున్నామో చూసి మాకే ముచ్చటేసింది. తర్వాత బరువు లెక్క. నా కారు బరువు తీసుకుని, దానికి మనుషులు, సామాన్లు కలిపి, ఆపైన కంపెనీలో మేం వాడే భద్రత గుణకంతో హెచ్చవేశాను. తాడు ఎంత మోయాలో అంతకి ఎన్నో రెట్లు మోసేలా పెట్టుకుంటాం మేము. బావ దానికి ఇంకొంచెం కలిపాడు, క్షేమం కోసం. వచ్చిన అంకె చూస్తే గరాజులో లారీ ఎత్తవచ్చు.

ఆదిత్యపూర్ నుంచి లిఫ్టు కంపెనీ తరఫున ఒకాయన వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, ఎండలో టై కట్టుకొచ్చాడు. నా అంకె చూసి, "అంకుల్, మీ కారుతో బాటు ఏనుగుని కూడా ఎక్కిస్తారా?" అని హిందీలో అడిగాడు. నేను నవ్వలేదు. తాడు మందం అడిగాను. కప్పీ గాడి లోతు అడిగాను. కరెంటు పోతే కారు నిలిచే పళ్ళెం ఎక్కడ ఆగుతుందో, అది జారకుండా స్తంభాల్లో పట్టి ఆపే కొక్కేలు దేనితో చేశారో అడిగాను. పాపం ఆయన కంపెనీ బ్రోషరు తిరగేస్తూ మధ్యలో, "అంకుల్, వో నీచే వాలీ గాడీ కా..." అని ఏదో చెప్పబోయాడు. కింద బండి సంగతేదో. బావ చెయ్యి అడ్డంపెట్టి, "కింద బండి సంగతి మాకు తెలుసు, ముందు పైదాని గురించి చెప్పు," అన్నాడు. ఆయన నోరు మూసుకున్నాడు. ఆ తర్వాత రెండుసార్లు తెరవబోయాడు గానీ మేం తెరవనివ్వలేదు.

గరాజు కప్పు అంత ఎత్తు లేదు. లిఫ్టు మార్చుకోవచ్చు కదా అని మామూలు మనుషులు అనుకుంటారు. మేం కప్పు మార్చాం. రేకులు విప్పించి, గోడలు పైకి లేపించి, మళ్ళీ రేకులు వేయించాను. పని పూర్తయ్యేసరికి గరాజు ఇంటి కంటే ఎత్తయింది. వంటింటి కిటికీకి ఎండ పోయింది. వీధిలోవాళ్ళు దానికి మిల్లు అని పేరు పెట్టారు. పాలాయన రోజూ, "రోలింగ్ మిల్ కబ్ చాలూ హోగా?" అని, మిల్లు ఎప్పుడు మొదలవుతుందని అడిగి పాలు పోసేవాడు. నేల కూడా తవ్వించి గట్టి కాంక్రీటు పోయించాను. అది ఆరేవరకూ రెండు కార్లూ వీధి చివర ఖాళీ స్థలంలో ఉన్నాయి. బావా నేనూ వంతుల వారీగా కాపలా పడుకున్నాం.

ఒక ఆదివారం బావ అందరికీ అర్థమయ్యేలా చూపిస్తానని రెండు అగ్గిపెట్టెలు తెప్పించాడు. మా ఆవిడ, అమ్మాయి కూడా వచ్చి కూర్చున్నారు. టీపాయి మీద ఒక అగ్గిపెట్టె పెట్టి, "ఇది పాత బండి," అన్నాడు. దాన్ని వేళ్ళతో పైకెత్తాడు. రెండోది దాని కిందికి జరిపి, "ఇది కొత్త బండి. ఇలాగ లోపలికి వత్తాది. అయిపోయింది. మళ్ళీ పాత బండి కావాలనుకో," అని, పైనున్న అగ్గిపెట్టెని గాల్లోనే పక్కకి తీసుకెళ్ళి, బల్ల అంచున మెత్తగా దించాడు. "ఇలాగ దిగుద్ది."

నేను తల ఊపాను. ఎంత బాగా దించాడు, చెయ్యి ఇంకా ఎక్కడా తడబడటం లేదు అనుకున్నాను. అమ్మాయి ఆ అగ్గిపెట్టెల వైపు కాసేపు చూసి లేచి వెళ్ళిపోయింది.

లిఫ్టు బిగించడం విశ్వకర్మ పూజ ముందురోజుకి అయింది. ఆ పూజనాడు మా ఊళ్ళో స్పానరు కూడా బొట్టు పెట్టుకుంటుంది. మా ఆవిడ నాలుగు స్తంభాలకీ పసుపు రాసి కుంకుమ పెట్టింది, మోటారుకి దండ వేసింది. నేను పాత కారుని పళ్ళెం మీదికి ఎక్కించాక, కొత్త బండికి చేసినట్టే నాలుగు చక్రాల ముందూ నిమ్మకాయలు పెట్టింది. కొబ్బరికాయ కొట్టాం. నేను మెడలో విజిల్ వేసుకుని, అందర్నీ గేటు దాకా వెనక్కి పంపించి, విజిల్ ఊది, బటన్ నొక్కాను. కారు లేచింది. దాంతోబాటు నిమ్మకాయలూ లేచాయి. కింద నిలబడి చూస్తే నాలుగూ పళ్ళెం మీద చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"తొక్కలేదు కదండీ," అంది మా ఆవిడ.

"పైన తొక్కేదేటుంది సెల్లీ," అన్నాడు బావ.

అమ్మాయి తన కారుని లోపల పెట్టబోయింది. అప్పుడు నాకు చెమటలు పట్టాయి. ఎత్తిన బరువు కింద మనిషి ఉండకూడదని ఉద్యోగమంతా అరిచినవాణ్ణి, నా కూతుర్ని నా చేత్తో నేనెత్తిన బరువు కిందికి పంపిస్తున్నాను. కొక్కేలన్నీ మళ్ళీ చూశాను. లోపలికెళ్ళి నా పాత పసుపు హెల్మెట్ తెచ్చి దానికిచ్చాను. అమ్మాయి హెల్మెట్ పెట్టుకుని కారు లోపల పెట్టింది. పక్కింటివాళ్ళు ఫొటో తీశారు.

పూజ అయిన మర్నాడు పొద్దున్న తాళ్ళకి గ్రీజు కొనాలని సాక్చీ బయల్దేరాను. గ్రీజు ఒక వంక. నా కారు నా దగ్గరే ఉంది, చూశారా అని వీధికి చూపించుకోవాలి. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. కారు తాళం వేలికి తగిలించుకుని గరాజు షట్టరు ఎత్తాను. బటన్ మీద వేలు పెట్టి, మా పద్ధతి ప్రకారం నొక్కేముందు కిందికి చూశాను.

కింద అమ్మాయి కారుంది.

వేలు తీశాను. మళ్ళీ పెట్టాను. మళ్ళీ తీశాను. పైకి చూశాను, కిందికి చూశాను. అమ్మాయి ఎప్పుడో స్కూటీ మీద వెళ్ళిపోయింది. స్కూటీ తాళం, కారు తాళం ఒకే గుత్తిలో ఉంటాయి. ఆ గుత్తి కంపెనీ గేటు లోపల ఉంది. నా కారు ఎక్కడికీ పోలేదు, నా నెత్తి మీదే ఉంది. దిగడానికి మాత్రం దారి లేదు.

బావకి ఫోన్ చేశాను. విషయం చెప్పాను.

"పక్కకి జరిపీ బామ్మర్దీ," అన్నాడు.

"దేన్ని?"

"పైదాన్ని."

"పైది ఎలాగ జరుగుద్ది బావా? ఇది క్రేనా?"

ఫోన్లో వాళ్ళింటి కుక్కరు మూడుసార్లు కూసింది. తర్వాత బావ నెమ్మదిగా, "అవును గదా," అన్నాడు.

క్రేను ఎత్తింది పక్కకి తీసుకెళ్ళి ఖాళీగా ఉన్నచోట దించుతుంది. కింద ఏముందన్నది దానికి పట్టదు. మా ఇద్దరి జీవితాలూ ఆ యంత్రంతోనే గడిచాయి. ఎత్తినచోటే దించాల్సిన యంత్రం ఒకటి ఉంటుందని మా ఇద్దరి బుర్రల్లోకీ రాలేదు. తాడు మందం తెలుసు, కప్పీ గాడి లోతు తెలుసు. ఇది మాత్రం టై కట్టుకొచ్చినాయన చెప్పబోతే చెయ్యి అడ్డంపెట్టాం.

"ఏటండీ, ఇంకా ఎల్లలేదా?" అని మా ఆవిడ వంటింట్లోంచి అడిగింది. గ్రీజు ఇంట్లోనే ఉందన్నాను. తర్వాత ఇస్త్రీ చొక్కాతోనే మడత మంచం మీద పడుకున్నాను.

సాయంత్రానికి నా బుర్రలో ఇంకో సంగతి తట్టింది. మేం తెలివితక్కువవాళ్ళం, సరే. అమ్మాయి అంత తేలిగ్గా ఒప్పుకుందెందుకు? అది వచ్చి కాళ్ళు కడుక్కునేదాకా ఆగాను.

"కింది బండి తీస్తే గానీ పైది దిగదని నీకు ముందే తెలుసేటే?"

అమ్మాయి తువ్వాలుతో మొహం తుడుచుకుని కూర్చుంది. "హా పాపా. పహలే దిన్ సే." మొదటి రోజు నుంచే అట.

మా ఆవిడ వైపు తిరిగాను. "నీకూ తెలుసా?"

"నాకు మిసన్ల సంగతేటి తెలుసండీ. అన్నియ్య అగ్గిపెట్టిని పక్కకి తీసీసినప్పుడు మాత్రం ఏటో తేడాగా అనిపించింది. పెద్దోళ్ళు మాటాడుకుంతన్నారని ఊరుకున్నాను."

నాకు కోపం ఆగలేదు. గోడలు లేపించాను, నేల తవ్వించాను, కాపలా పడుకున్నాను. ఇంతా చేసి నా కారుని నా చేత్తోనే ఎత్తి, తాళం నా కూతురి సంచీలో పెట్టించుకున్నాను. పెద్ద గొంతుతోనే అన్నాను. "ఇది మోసం కాదేటే?"

"మోసమే నాన్నా," అంది అమ్మాయి. తెలుగులో అంది. "నువ్వు బండి తీసుకెల్లిన రోజు నాకు ఆఫీసులో పని సాగదు. ఫోన్ మోగితే సాలు, అమ్మ ఏటి సెప్తాదో అని కుర్సీలోంచి లేసిపోతాను. అమ్మీమంటే నువ్వు సగం సచ్చిపోతావు. అమ్మకుండా ఉంచితే నిజంగా సచ్చిపోతావు, నేకపోతే ఎవుల్నో సంపుతావు. ఇదైతే బండీ ఉంటాది, నువ్వూ ఉంటావు."

అంత తెలుగు దాని నోట ఒక్కసారిగా విని చాలా రోజులైంది. అప్పుడైనా ఊరుకోవాల్సింది. ఊరుకుంటే అది నేను కాదు. "నాకు బాగానే కనబడతాది," అన్నాను.

అమ్మాయి లేచి తువ్వాలు దండెం మీద వేసింది. తర్వాత మళ్ళీ హిందీలోకి వెళ్ళిపోయింది. రేపట్నుంచి పగలంతా తన కారు వీధి చివర పెడతానంది. "ఆప్‌కో నికాల్నీ హై తో నికాలియే," అంది. తియ్యాలనుంటే తీసుకోమని. అలా అంటున్నప్పుడు దాని గొంతులో కోపం లేదు. అదే నాకు నచ్చలేదు.

మర్నాడు అన్న ప్రకారమే చేసింది. కారు బయటికి తీసి, వీధి చివర పెట్టి, నడిచొచ్చి స్కూటీ తీసుకుని వెళ్ళిపోయింది. నావైపు చూడలేదు. నేను గెలిచాను. గెలిచినవాడు చేసే పనులన్నీ చేశాను. నిన్నటి ఇస్త్రీ చొక్కా నలిగింది కాబట్టి ఇంకోటి వేసుకున్నాను. బటన్ నొక్కితే లిఫ్టు ఒక్క కుదుపు లేకుండా దిగింది. మంచి లిఫ్టే, ఆ విషయంలో ఎవరూ నన్ను వేలెత్తి చూపలేరు. నిమ్మకాయలు తీసి పక్కన పెట్టాను. కార్లో కూర్చుని తాళం తిప్పితే ఒక్క తిప్పుకే అందుకుంది. అద్దం సర్దుకున్నాను. ఎదురుగా గేటు తెరిచి ఉంది. దారిలో ఎవరూ లేరు. కుడివైపు చూశాను, ఎడమవైపు చూశాను. హ్యాండ్‌బ్రేకు దించి క్లచ్ మెల్లగా వదిలాను. ముందు చక్రాలు పళ్ళెం అంచు దాకా వచ్చాయి.

బానెట్ మీద చెయ్యి పడిన చప్పుడైంది.

బ్రేకు మీద ఎక్కి నిలబడ్డంత పని చేశాను. ఇంజను ఆగిపోయింది. తలంతా ఎడమవైపు తిప్పాను. మా ఆవిడ బానెట్‌కి ఎడమ మూల, చీర కారుకి తగులుతూ నిలబడి ఉంది. ఆవిడ వెనక గోడ.

"ఎప్పుడొచ్చావు?" అన్నాను.

"గేటు తీసినకాడి నుంచీ ఇక్కడే ఉన్నానండీ," అంది. "మీకేసే సూత్తన్నాను. మీరూ నాకేసి సూసీసరికి, ఆగుతారనుకున్నాను."

అరవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే ఏదో ఒకటి తిరిగి అని బతికిపోయేవాణ్ణి. నేను ఎడమవైపు చూసిన మాట నిజం. అక్కడ గోడ కనిపించింది. గోడకీ కారుకీ మధ్య నా భార్య కనిపించలేదు. ఆవిడ కిటికీ దగ్గరికొచ్చి, కిందికి దిగండి, మంచినీళ్ళు తెస్తానంది. ముందు నువ్వు లోపలికెళ్ళు, అరుగు మీద నిలబడు, నాకు కనబడేలా నిలబడు అన్నాను. ఆవిడ వెళ్ళి నిలబడ్డాక కారుని వెనక్కి పళ్ళెం మీదికి తెచ్చాను. చక్రాల వెనక దిమ్మలు పెట్టాను. బటన్ నొక్కాను. నాలుగు స్తంభాల్లోనూ కొక్కేలు ఒకదాని తర్వాత ఒకటి పడ్డాయి.

అమ్మాయికి ఫోన్ చేశాను. మొదటి మోతకే ఎత్తింది. "పాపా?" అంది. ఆ ఒక్క మాటలో ఎంత భయముందో నాకు అప్పుడే మొదటిసారి వినపడింది. ఎన్ని రోజులుగా ఇలాగే ఎత్తుతోందో.

"ఏటీ అవ్వలేదమ్మా. అందరం బాగున్నాం. సాయంత్రం వచ్చాక నీ బండి లోపల పెట్టుకో."

"ఔర్ కల్?"

"రేపు కూడా లోపలే ఉండనీ. ఇంక బయటికి తియ్యక్కర్లేదు."

అటునుంచి ముక్కు చీదిన చప్పుడు వినపడింది. నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, ఎదురుగా గేటు వైపు చూస్తూ అలాగే నిలబడ్డాను. మా ఆవిడ మంచినీళ్ళ గ్లాసుతో వచ్చి నా ఎడమ పక్కనే నిలబడి ఇదంతా వింటోందని, ఆవిడ చెయ్యి నా భుజం మీద పడ్డాకే తెలిసింది.